చేపల గృహప్రవేశం

పోయిన వారం రాగిణిని ట్యాంక్ ముందు మోకాళ్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అలాగే ఉంది.

కొత్తగా మనతో కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. అమెరికాలోని జార్జియాలో, కమ్మింగ్ ఊరి చివర లక్ష్మీపతి కొత్త ఇల్లు కట్టాడు. ఆ ఇంటి హాల్లో గోడ పొడవునా మూడు వందల గ్యాలన్ల ఉప్పునీటి ట్యాంక్ పెట్టించాడు. నవగ్రహాలకి తొమ్మిది రంగుల చేపలు కావాలన్నాడు. ఆ తొమ్మిదీ ముహూర్తంలోనే, అంటే పది నలభై రెండుకీ పదకొండూ ఆరుకీ మధ్యనే నీళ్లలో పడాలన్నాడు. ఇళ్లలో చేపల ట్యాంకులు అమర్చిపెట్టే రాగిణి నాలుగు నెలలు కష్టపడి నీళ్లు సిద్ధం చేసింది. ఆరు వారాలు చేపల్ని తన గరాజ్‌లో పెట్టుకుని, రోగం రొష్టూ లేదని తేల్చుకుని, తొమ్మిది సంచుల్లో కట్టి థర్మోకోల్ పెట్టెలో సర్దుకుని వచ్చింది. తీరా చూస్తే, ఖాళీగా ఉండాల్సిన ట్యాంక్‌లో రాళ్ల సందులోంచి రెండు కళ్లు ఆమెను చూస్తున్నాయి. ఒక కన్ను పైకీ ఇంకో కన్ను పక్కకీ తిరుగుతున్నాయి.

అది క్లౌన్ ట్రిగ్గర్ అనే చేప. చూస్తే ముచ్చటేస్తుంది. నల్లటి ఒళ్లు, పొట్ట మీద రూపాయి బిళ్లంత తెల్లటి చుక్కలు, పసుపు రాసిన గడపలాంటి మూతి. ఆ మూతి వెనక పీత డొప్పని పటపటా కొరికే పళ్లుంటాయి. బజారులో దాన్ని చూసి మనసు పారేసుకోని వాడుండడు, ఇంటికి తెచ్చుకుని తల పట్టుకోని వాడూ ఉండడు.

రాగిణి లేచి నిలబడి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. హాలు నిండా అరవై కుటుంబాల జనం. పట్టుచీరలు, పంచెలు, ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్న పిల్లలు. వీళ్లలో సగం మందికి ఇంట్లో ట్యాంక్ పెట్టించుకోవాలన్న ఆశ ఉంది. ఈ పూట సవ్యంగా గడిస్తే ఆమె పేరు వీళ్ల నోళ్లలో నాన్తుంది. తేడా వస్తే మళ్లీ ఉమాకాంత్ చేపల షాపులో ఉప్పు సంచులు మొయ్యాలి. ఎనిమిదేళ్లు మోసింది. సొంతంగా పెట్టుకుంటానని బయటికొచ్చిన రోజున, "ఏడాది తిరక్కుండా నా దగ్గరికే వస్తావు రాగిణీ, చూస్తూ ఉండు" అన్నాడాయన. ఏడాదికి ఇంకా నాలుగు నెలలుంది.

"ఇందులో చేపని ఎవరు వేశారండీ?" అని అడిగింది.

"నేనే వేశానమ్మాయ్" అన్నారు సీతమ్మగారు. లక్ష్మీపతి తల్లి ఆవిడ, గుంటూరు నుంచి ఈ గృహప్రవేశం కోసమే వచ్చారు. సోఫాలో నిటారుగా కూర్చుని, రెండు చేతులకీ డజను చొప్పున గాజులతో, చేసిన పనికి మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నట్టున్నారు. "బుధవారం పొద్దున్నే మంచి గడియ చూసి వదిలాను. ఇంట్లోకి ముందు ఆవు అడుగుపెట్టాలా వద్దా? ఇక్కడ హెచ్‌ఓఏ అని కాలనీ సంఘం వాళ్లంట, ఆవుని వీధిలోకే రానివ్వం అన్నారు. పోనీలే, ఆవు కాకపోతే ఇంకో ప్రాణి. మహావిష్ణువు మొదటి అవతారమే చేపాయె! మూతికి పసుపు రాసుకుని పుట్టింది చూడు, మహాలక్ష్మిలాగా."

జనం నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. రాగిణి మాత్రం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. బుధవారం నుంచి ఇవాళ శనివారం దాకా, మూడు రోజులు.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగి, రాగిణి ఆ తొమ్మిది చేపల్ని ఎలా ఎంచుకుందో చెప్పుకోవాలి. లేకపోతే ఆమె కోపం మనకి అర్థం కాదు. లక్ష్మీపతి మొదట ఫోన్లో చూసి ఇచ్చిన జాబితాలో సముద్రపు గుర్రం ఉంది, లయన్‌ఫిష్ ఉంది, చిటికెన వేలంత గోబీలు అరడజను ఉన్నాయి. అన్నీ ఒకే నీళ్లలోనట! లయన్‌ఫిష్‌కి నోట్లో పట్టింది ఏదైనా భోజనమే, కాబట్టి గోబీలు ఒక్క పూట ఫలహారం. సముద్రపు గుర్రం తిండి దాకా ఈదుకుంటూ వచ్చేసరికి మిగతావి గిన్నె ఖాళీ చేసేస్తాయి, అది ఆకలితో చస్తుంది. ఆ జాబితాని కొట్టేసి రాగిణి మొదటినుంచి మొదలుపెట్టింది. నోరెంత, ఒళ్లెంత, ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, ఎవర్ని చూస్తే దానికి ఒళ్లు మండుతుంది అని ఒక్కొక్కదానికీ రాసుకుంది. ఆకారమూ రంగూ రెండూ ఒకేలా ఉన్నవాటిని కలిపి పెట్టకూడదు, ఒకదాన్నొకటి శత్రువనుకుంటాయి. సూర్యుడికి ఎర్రటి ఫ్లేమ్ ఏంజెల్, గురుడికి పసుపు టాంగ్, శనికి నీలం టాంగ్ దొరికాయి. రాహువుకి పొగరంగు చేప వెతకడానికే మూడు వారాలు పట్టింది. అన్నీ కాస్త పొగరున్నవే. మెతక చేపల్ని పెడితే ముందు వాటిని, తర్వాత గట్టివాటిని, నెలల తరబడి విడతలుగా వదలాలి. లక్ష్మీపతి ముహూర్తం దానికి ఒప్పుకోదు. అందుకని అంతా సమ ఉజ్జీల్ని చూసి ఎంచింది. అందరూ ఒకేసారి ఖాళీ ఇంట్లో దిగితే ఇల్లు ఎవరిదీ కాదు. తలా ఒక మూల చూసుకుని సర్దుకుంటారు. ముందే ఒకడు లోపల కూర్చుంటే మాత్రం ఇల్లు వాడిదే. తర్వాత వచ్చినవాళ్లంతా దొంగలే.

మొత్తం పథకం ఖాళీ ట్యాంక్ మీద నిలబడి ఉంది. సీతమ్మగారు దానికి గోవుకి బదులు ఒక రౌడీతో ప్రారంభోత్సవం చేయించారు.

"ఉన్నది ఒక్కటేగా. తొమ్మిదికి పది, అంతే కదా?" అన్నాడు లక్ష్మీపతి పట్టు ఉత్తరీయం సర్దుకుంటూ. ఐటీ కన్సల్టింగ్ కంపెనీ నడిపే మనిషి. ఎవరైనా తనకి అడ్డు చెప్పి చాలాకాలమైంది. "కానివ్వండి రాగిణీ గారూ, టైమ్ అవుతోంది."

"కుదరదండీ. మూడు రోజుల్లో ఆ ట్యాంక్ మొత్తం తనదనుకుంటుంది. ఇప్పుడు వీటిని వదిలితే రెక్కలు కొరికేస్తుంది, కళ్లు పీకేస్తుంది. సాయంత్రానికి నాలుగు కూడా మిగలవు. నాకు రెండు గంటలు టైమివ్వండి. దాన్ని తీసేసి, రాళ్లు మార్చి, అప్పుడు వదులుతాను."

"రెండు గంటలా! ముహూర్తం పదకొండూ ఆరుకి అయిపోతుంది."

"ఇంట్లో మొదట అడుగుపెట్టిన ప్రాణిని ముహూర్తం పూట బయటికి తోస్తారా ఎక్కడైనా?" అన్నారు సీతమ్మగారు చెంపలు వేసుకుంటూ. "అపచారం!"

"దాన్ని నెట్‌తో పట్టెయ్యొచ్చుగా, టూ మినిట్స్ పని" అన్నాడు వెనక నుంచి ఒకాయన. సలహాలిచ్చేవాళ్లకి ఏ దేశంలోనూ కొదవ లేదు.

"అది వీపు మీద ముల్లు నిలబెట్టి రాతి సందులో బిగుసుకుంటుందండీ. రాయితో సహా పైకెత్తాలి. ముప్ఫై పౌండ్ల రాయి. రెండు నిమిషాల పని కాదు."

లక్ష్మీపతి నవ్వాడు. ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. "చూడమ్మా. వీళ్లంతా వచ్చింది భోజనానికి మాత్రమే కాదు, ఇది చూడ్డానికి. నేను అందరికీ చెప్పుకున్నాను. ఓ రెండు చస్తే చస్తాయి, మళ్లీ కొంటాను. మీరు వదలండి."

ఎందుకో గానీ ఆ మాటతో రాగిణిలో భయం పోయింది. ఇందాకటి నుంచీ అరవై కుటుంబాలు, పేరు, ఏడాది గడువు అని లెక్కలేసుకుంటున్న బుర్ర ఒక్కసారిగా తేలికైంది. ఆరు వారాలు పొద్దున్నే లేచి ఆ తొమ్మిదింటికీ ఆమె రొయ్యల ముక్కలు తినిపించింది. నీలం టాంగ్ నాలుగు రోజులు ముద్ద ముట్టకపోతే, వెల్లుల్లి రసం కలిపి గడ్డం పట్టుకున్నంత పని చేసింది.

"నేను వదలనండీ" అంది. గొంతు పెంచలేదు. "ఈ సంచుల ముడి విప్పేదాకా వీటి ప్రాణం నా పూచీ. నేను విప్పను."

లక్ష్మీపతి పురోహితుడి వైపు తిరిగాడు. "బ్రహ్మయ్యగారూ, మీరైనా చెప్పండి. ముహూర్తం దాటితే దోషం కదా?"

బ్రహ్మయ్యగారు అప్పటిదాకా కలశం దగ్గర కూర్చుని అంతా వింటున్నారు. "నేను ముహూర్తం పెట్టింది గృహానికండీ. చేపలకి నన్నెవరూ అడగలేదు" అన్నారు నింపాదిగా. "ఈ తల్లి చెప్పింది మా శాస్త్రానికి దగ్గరగానే ఉంది. మేమూ పొంతన చూసే కదా జంట కలుపుతాం. పొంతన లేదని చెప్పాక కూడా మెడలు వంచి తాళి కట్టించమంటే నేనైతే లేచి వెళ్లిపోతాను."

"మీరు కాసేపు ఊరుకోండి" అన్నాడు లక్ష్మీపతి. అడిగి మరీ చెప్పించుకున్న మాట నచ్చకపోతే మనిషి పడే చికాకు అతని మొహంలో కనిపించింది. తలెత్తి జనంలోకి చూశాడు. "ఉమాకాంత్ గారూ! ఒక్కసారి ఇటు రండి. మీరు వదలగలరా ఇవి?"

రాగిణి ఆయన వచ్చాడని అప్పటిదాకా గమనించలేదు. భోజనాల బల్ల పక్క నుంచి, చేతిలో కాఫీ గ్లాసుతో, ఆయన మెల్లగా ముందుకొచ్చాడు. యాభై అయిదేళ్ల మనిషి, మడత నలగని లాల్చీ. నీళ్లలో ఉప్పెంత ఉందో నాలుక మీద చుక్క వేసుకుని చెప్పగలడు. ఆమెకి పని నేర్పింది ఆయనే.

"దానికేం సార్, పది నిమిషాల పని" అన్నాడు. రాగిణి వైపు తిరిగి, "పక్కకి జరుగు. పెద్దవాళ్లింట్లో ఇంత రగడ ఎందుకు? నీకు ధైర్యం చాలకపోతే నేనున్నానుగా. సోమవారం షాపుకి రా, మాట్లాడుకుందాం" అన్నాడు.

అప్పుడు మెట్ల మీద కూర్చున్న అనిక లేచింది. లక్ష్మీపతి కూతురు, పదహారేళ్లది. నానమ్మని ఆ బుధవారం షాపుకి డ్రైవ్ చేసుకుని తీసుకెళ్లింది తనే. "డాడీ, వెయిట్. ఆ ఫిష్ అంకుల్ షాప్‌లోనే కొన్నాం. నానమ్మ అది కావాలి అంది. అంకుల్ అడిగారు, ఏ ట్యాంక్‌కి అని. రాగిణి ఆంటీ సెట్ చేసిన ట్యాంక్ అని చెప్పాను. ఇంకా నైన్ ఫిష్ శాటర్‌డే వస్తున్నాయి, ఈజ్ దట్ ఓకే అని కూడా అడిగాను. హి సెడ్, పర్ఫెక్ట్."

ఉమాకాంత్ కాఫీ గ్లాసుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

రాగిణికి ఇప్పుడు లెక్క తేలింది. తెలియక చేసిన ముసలావిడ మీద కోపం లేదు. ఈయనకి తెలుసు. తొమ్మిది చేపలు వస్తున్నాయని తెలిసి, ఏ చేప ఇస్తే తొమ్మిదీ పోతాయో చూసి మరీ ఇచ్చాడు. ఎనిమిదేళ్లు ఈయన్ని గురువనుకుంది. ఈయన షాపులో చచ్చిన ప్రతి చేపనీ తన చేత్తో తీసి పారేసింది, ఒక్కరోజు ఎదురు మాట్లాడలేదు.

"సరే ఉమాకాంత్ గారూ. మీరే వదలండి" అంది. పెట్టె మూత తీసి ఆయన ముందుకి జరిపింది. సంచుల్లో తొమ్మిది రంగులు మెల్లగా కదిలాయి. "ఒక్క మాట చెప్పి వదలండి. ఆ ట్రిగ్గర్ వీటినేమీ చెయ్యదని ఇక్కడ అందరి ముందూ మీ నోటితో చెప్పండి."

"ఏం చెయ్యదు. చిన్న పిల్ల అది ఇంకా" అన్నాడు ఉమాకాంత్, సంచుల వైపు చూస్తూ.

"అంత సాధువైతే మీ చెయ్యి ఒకసారి నీళ్లలో పెట్టండి. మణికట్టు దాకా చాలు. మీరు పెట్టి, క్షేమంగా తీసిన మరుక్షణం తొమ్మిది సంచులూ నేనే విప్పుతాను. ఈ ఊళ్లో మళ్లీ చేపల పేరెత్తను. సోమవారం మీ షాపుకొచ్చి ఊడుస్తాను."

ఫోన్లన్నీ ఉమాకాంత్ వైపు తిరిగాయి. ఆయన నవ్వబోయాడు, కుదరలేదు. చేతి వైపు చూసుకున్నాడు. కుడి చూపుడు వేలి మీద పాత మచ్చ ఒకటుంది. అది ఎలా వచ్చిందో ఆ హాల్లో ఇద్దరికే తెలుసు.

"ఇవేం పిచ్చి పందేలు? నీళ్లు పాడవుతాయి" అన్నాడు చివరికి.

"పాడవ్వవు. నేను రోజూ పెడతాను."

గడియారంలో పదీ యాభై ఎనిమిది. లక్ష్మీపతి మొహం కందగడ్డ అయింది. రాగిణి గెలిచినట్టే అనిపించింది ఆ క్షణాన. కానీ గెలిచానని అనుకున్నప్పుడే కదా మనం పక్కకి చూడ్డం మానేస్తాం.

గాజుల చప్పుడైంది. సీతమ్మగారు సోఫాలోంచి లేచి, పూజ కోసం వేసిన పీట మీదకి ఎక్కి, ట్యాంక్ పక్కన నిలబడి ఉన్నారు. "మగాళ్లకి ధైర్యం లేకపోతే పోనీ. నా చేత్తో వదిలాను, నా మహాలక్ష్మి నన్నేం చేస్తుంది?" అంటూ మోచేతి దాకా కుడి చెయ్యి నీళ్లలో పెట్టేశారు.

"అమ్మా!" అన్నాడు లక్ష్మీపతి. కానీ కదల్లేదు. ఎవరూ కదల్లేదు.

గాజులు దీపాల వెలుతురికి నీళ్లలో తళుక్కుమన్నాయి. రాతి సందులోంచి నల్లటి చేప బయటికొచ్చింది. తొందరేమీ పడలేదు. ముసలావిడ చేతికి జానెడు దూరంలో ఆగి, ఒక కన్ను గాజుల మీదా ఇంకో కన్ను వేళ్ల మీదా పెట్టి చూసింది. వీపు మీద ముల్లు నిటారుగా లేచింది.

రాగిణికి ఆ ముల్లు అర్థం తెలుసు. ఆ వెంటనే ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇప్పుడు ఊరికే నిలబడితే చాలు, ఒక్క క్షణం నోరు మూసుకుంటే చాలు. చేప కరుస్తుంది. అరవై కుటుంబాలూ కళ్లారా చూస్తాయి, ఫోన్లలో కూడా పడుతుంది. ఇక ఎవరూ ఆమె మాట కాదనరు. ఉమాకాంత్ షాపు మూసుకోవాల్సి వస్తుంది. ఆమె పేరు నిలబడుతుంది, తొమ్మిది చేపలూ బతుకుతాయి. పందెం కట్టింది తనే, అయినా చెయ్యి పెట్టమంది ఆవిణ్ణి కాదు. ఏ తప్పూ తన మీదకి రాదు.

ఛీ, అనుకుంది.

రెండంగల్లో ట్యాంక్ చేరి, పట్టు జాకెట్టు అంచు దాకా తన చెయ్యి నీళ్లలో దింపి, సీతమ్మగారి మణికట్టు పట్టి పైకి నెట్టింది. చేప దూసుకొచ్చింది. పళ్లు ఎముక మీద పడ్డ చప్పుడు రాగిణికి చెవుల్లో కాదు, భుజంలో వినబడింది. అరవకుండా పెదవి కొరుక్కుంది. నీళ్లలో సన్నటి ఎర్రటి పొగ లేచింది.

చెయ్యి బయటికి తీసి అందరికీ కనబడేలా పైకెత్తింది. ఉంగరం వేలు చివర తెగి వేలాడుతోంది. నెత్తురు మోచేతి మీదుగా తెల్లటి మార్బుల్ మీద పడుతోంది. సీతమ్మగారు తన చేతిని చూసుకుంటున్నారు. గాజు ఒక్కటి కూడా పగల్లేదు.

"చిన్న పిల్ల చేసిన పని ఇది" అంది రాగిణి, ఉమాకాంత్ మొహంలోకి చూస్తూ. "ఇప్పుడు చెప్పండి, అందులో ఎవర్ని దించుదాం?"

ఆయన తల దించుకున్నాడు. అనిక టవల్ కోసం లోపలికి పరిగెత్తింది. బ్రహ్మయ్యగారు పసుపు పొట్లంతో లేచారు. ఆడవాళ్లంతా సీతమ్మగారిని పీట మీంచి దించి చుట్టూ మూగారు. ఆ గందరగోళంలో ఒక్క మనిషిని ఎవరూ పట్టించుకోలేదు.

నీళ్లు చిందిన చప్పుడు విని రాగిణి వెనక్కి తిరిగింది.

పూజ పీట మీద లక్ష్మీపతి నిలబడి ఉన్నాడు. సూర్యుడి సంచి అతని ఎడమ చేతిలో, కత్తెర కుడి చేతిలో. సంచి మూల అప్పటికే తెగింది, సన్నటి ధారగా నీళ్లు ట్యాంక్‌లోకి కారుతున్నాయి. లోపల ఎర్రటి చేప, తగ్గిపోతున్న నీళ్లలో ఒక వైపుకి ఒరిగి కొట్టుకుంటోంది. కింద నల్లటి చేప తలెత్తి పైకి చూస్తోంది.

"నా ఇల్లు. నా ట్యాంక్. నా ముహూర్తం" అన్నాడు లక్ష్మీపతి, ఒక్కో మాటా నొక్కుతూ. "పదకొండూ ఆరు దాకా టైముంది. ఎవరాపుతారో నేనూ చూస్తాను."

రాగిణి నెత్తురు కారుతున్న చేత్తోనే సంచి అడుగు పట్టుకుని, తెగిన మూలని పిడికిట్లో బిగించింది. ధార ఆగింది.

"చెయ్యి తియ్యి" అన్నాడు అతను, కత్తెర ఎత్తి.

"తియ్యను" అంది రాగిణి.